4 శాతం కోటా ఉన్నా దివ్యాంగులకు ఉద్యోగాలు ఎందుకు అందట్లేదు? రాష్ట్రం ఏం మార్చాలి?

మీరు అడిగింది ఇది: "మా అన్నయ్యకు పుట్టుకతోనే వినికిడి లేదు. ఐటీఐ ఫిట్టర్ పాసయ్యాడు, సదరం సర్టిఫికెట్ (ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం) ఉంది. ప్రభుత్వంలో 4 శాతం కోటా అంటారు, ప్రైవేటులో ప్రోత్సాహకాలు అంటారు. అయినా ఇంట్లోనే ఉన్నాడు. లోపం ఎక్కడుంది? రాష్ట్ర ప్రభుత్వం ఏం చేస్తే ఇలాంటివాళ్లకు నిజంగా పని దొరుకుతుంది?"

దివ్యాంగ యువతకు శిక్షణ ఇప్పించడం, కంపెనీలతో మాట్లాడి చేర్పించడం, చేరాక వచ్చే గొడవలు సర్దడం చాలా ఏళ్లుగా నా పని. ఆ అనుభవంతో ముందే ఒక మాట చెప్తాను. మన చట్టం బలంగానే ఉంది. ఉద్యోగం ఇవ్వమని చెప్పే నిబంధనలకు కొదవ లేదు. ఆ మనిషి ఆ పని చేయగలిగేలా చిన్న చిన్న మార్పులు చేయడానికి ఖర్చు ఎవరు పెట్టాలి, వెంట ఎవరు నిలబడాలి అన్నదానికి మాత్రం రాష్ట్రం దగ్గర సమాధానం లేదు. నా దృష్టిలో అసలు లోపం అదే.

ముందు పరిస్థితి ఎంత పెద్దదో చూడండి. 2018లో జరిగిన జాతీయ నమూనా సర్వే 76వ రౌండ్ ప్రకారం, దేశంలో 15 ఏళ్లు దాటిన దివ్యాంగుల్లో పని చేస్తున్నవాళ్లు, పని వెతుక్కుంటున్నవాళ్లు కలిపితే 23.8 శాతమే. నలుగురిలో ముగ్గురికి పైగా పని మార్కెట్‌లోనే లేరు. అదే సర్వేలో నిరుద్యోగం మాత్రం 4.2 శాతం. ఈ రెండో అంకె ఒక్కటే చూస్తే సమస్య చిన్నదే కదా అనిపిస్తుంది. కానీ నిరుద్యోగి అంటే ఉద్యోగం కోసం వెతుకుతున్నవాడనే లెక్క. నాలుగు ఇంటర్వ్యూల్లో తిప్పి పంపాక వెతకడం మానేసి ఇంట్లో కూర్చున్నవాడు ఆ లెక్కలోకి రాడు. ఈ రోజు మీ అన్నయ్య కూడా అందులో ఉండకపోవచ్చు. అందుకే ఏ ప్రభుత్వమైనా "ఇంతమందికి ఉద్యోగాలిచ్చాం" అని చెప్తే నేను ముందు అడిగేది ఇంట్లో ఉన్నవాళ్లలో ఎంతమంది బయటికొచ్చారనే. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగులు 22.66 లక్షల మంది. అప్పుడు లెక్కించింది 8 రకాల వైకల్యాలనే. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించేవి 21.

ఇక ప్రభుత్వ ఉద్యోగాల సంగతి. 1995 చట్టంలో 3 శాతం ఉన్న కోటాను 2016 చట్టం కనీసం 4 శాతానికి పెంచింది. చూపు లోపానికి ఒకటి, వినికిడి లోపానికి ఒకటి, చలన వైకల్యానికి ఒకటి. నాలుగో శాతాన్ని ఆటిజం, మేధో వైకల్యం, నేర్చుకోవడంలో ఇబ్బంది, మానసిక అనారోగ్యం ఉన్నవాళ్లూ, ఒకటికి మించి వైకల్యాలున్నవాళ్లూ పంచుకోవాలి. ఒక ఏడాది అర్హులు దొరక్కపోతే ఆ ఖాళీని మరుసటి నియామక సంవత్సరానికి తీసుకెళ్లాలి. అప్పుడూ దొరక్కపోతే వేరే రకం వైకల్యం ఉన్నవాళ్లకు ఇవ్వాలి. ఆ వర్గాల్లోనూ ఎవరూ లేకపోతేనే ఇతరులతో నింపాలి. మనం బ్యాక్‌లాగ్ పోస్టులు అనేవి ఇలా పుట్టుకొచ్చినవే.

కాగితం మీద ఇంత పకడ్బందీగా ఉన్నది ఎక్కడ జారిపోతుంది? మొదట "ఈ పోస్టు మీకు పనికిరాదు" అనే దగ్గర. ఏ పోస్టుకు ఏ వైకల్యం ఉన్నవాళ్లు సరిపోతారో ప్రభుత్వం ఒక జాబితా తయారు చేస్తుంది. 2021 జనవరిలో కేంద్రం ఇచ్చిన జాబితాలో 3,566 పోస్టులున్నాయి. ప్రతి పోస్టు ఎదురుగా కూర్చోవడం, నిలబడడం, వంగడం, చూడడం, వినడం లాంటి వాటిలో ఏవి అవసరమో అక్షరాలతో రాసి ఉంటుంది. మూడేళ్లకు మించకుండా ఈ జాబితాను తిరిగి చూడాలని చట్టమే చెప్తోంది. ఎందుకంటే పని స్వభావం మారిపోతోంది. ఒకప్పుడు రికార్డు అసిస్టెంట్ అంటే కట్టలు మోయాలి, ఇప్పుడు ఫైలంతా కంప్యూటర్‌లోనే. తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఉంటే చూపులేని వ్యక్తి ఆ పని హాయిగా చేస్తాడు. రాష్ట్ర శాఖల్లో మాత్రం పాత జాబితాలనే పట్టుకుని నోటిఫికేషన్ ఇచ్చేయడం నేను చూస్తూనే ఉన్నాను. జాబితాలో పేరు లేకపోతే కోటా లేదనే వాదన కూడా తప్పే. రిజర్వేషన్‌ను గుర్తించిన పోస్టుల మీద కాకుండా క్యాడర్‌లోని (ఒకే హోదా శాశ్వత పోస్టులన్నీ కలిపి) మొత్తం ఖాళీల మీద లెక్కగట్టాలని 2013లోనే సుప్రీంకోర్టు తేల్చింది.

రెండోసారి జారేది అవుట్‌సోర్సింగ్ దగ్గర. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అటెండర్, డేటా ఎంట్రీ, ఆసుపత్రి సిబ్బంది లాంటి కొలువులు చాలావరకు ఏజెన్సీల ద్వారానే నడుస్తున్నాయి. దివ్యాంగులు ఎక్కువగా చేరగలిగే పోస్టులూ ఇవే. చట్టం చెప్పిన 4 శాతమేమో క్యాడర్ ఖాళీల మీద. ఏజెన్సీ మనిషి క్యాడర్‌లో ఉండడు. కోటా ఉల్లంఘించారని ఎవరినీ అనలేం, కానీ ఉద్యోగాలు అలా తప్పిపోతాయి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. ఏజెన్సీతో చేసుకునే ఒప్పందంలో 4 శాతం మంది దివ్యాంగులు ఉండాలని, నెలవారీ బిల్లుతో పాటు ఆ వివరం జత చేస్తేనే చెల్లింపు అని ఒక నిబంధన పెడితే చాలు. రాష్ట్రం చేయగలిగిన వాటిలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత పెద్ద ఫలితం ఇచ్చేది మరొకటి లేదని నా అభిప్రాయం.

ఇప్పుడు మీ అన్నయ్యకు ఎక్కువగా సంబంధించిన ప్రైవేటు రంగం. ఇక్కడ కోటా లేదు. ఉద్యోగుల్లో కనీసం 5 శాతం దివ్యాంగులు ఉండేలా యజమానులకు ప్రోత్సాహకాలు ఇవ్వమని చట్టంలోని 35వ సెక్షన్ ప్రభుత్వాలకు చెప్పింది. కేంద్రం 2008లోనే ఒక పథకం తెచ్చింది. నెలకు 25,000 దాకా జీతం ఉన్న దివ్యాంగ ఉద్యోగి తరఫున యజమాని కట్టాల్సిన పీఎఫ్, ఈఎస్ఐ వాటాను మొదటి మూడేళ్లు ప్రభుత్వమే కడుతుందని. నేను కలిసిన హెచ్ఆర్‌వాళ్లెవరూ దీన్ని చూసి మనసు మార్చుకోలేదు. వాళ్ల టెన్షన్ పీఎఫ్ గురించి కాదు. "యాక్సిడెంట్ అయితే ఎవరు బాధ్యులు? సూపర్‌వైజర్ చెప్పేది అతనికెలా అర్థమవుతుంది? సగంలో మానేస్తే?" అనే ప్రశ్నలకు జవాబు కావాలి వాళ్లకు. జీతంలో కొంత మిగులుతుందని చెప్తే ఆ భయం పోదు.

ఆ జవాబు ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చెప్తాను. హైదరాబాద్ శివార్లలో ఒక మందుల ప్యాకింగ్ యూనిట్‌లో వినికిడి లేని కుర్రాళ్లను చేర్పించే ప్రయత్నం జరిగింది. ప్లాంట్ మేనేజర్ మంచివాడే, కానీ ఒకే పట్టు పట్టాడు: "లోపల ఫోర్క్‌లిఫ్ట్ తిరుగుతుంది. వెనక్కి వచ్చేటప్పుడు హారన్ కొడుతుంది. వీళ్లకు వినపడదు." న్యాయమైన భయమే. మేం షాప్‌ఫ్లోర్‌లో అటూ ఇటూ తిరిగి చూశాం. ఫోర్క్‌లిఫ్ట్ వెనక మిలమిల మెరిసే దీపం బిగించారు. అది తిరిగే దారిని నేల మీద పసుపు గీతలతో వేరు చేశారు. ఫైర్ అలారంకి కూడా లైటు కలిపారు. బ్యాచ్ మారినప్పుడు సూపర్‌వైజర్ నోటితో చెప్పే సూచనలను తెల్లబోర్డు మీద రాయడం మొదలుపెట్టాడు. "ఆపు, మళ్లీ చెయ్యి, బాగుంది, భోజనం, ప్రమాదం" లాంటి కొన్ని సైగలు లైన్‌లో ఉన్నవాళ్లంతా నేర్చుకున్నారు. మొదటి కొన్ని వారాలు సైన్ లాంగ్వేజ్ వచ్చిన ఒక అమ్మాయి రోజూ షిఫ్ట్ మొదలయ్యేటప్పుడు వచ్చి ఓ గంట ఉండి వెళ్లేది. ఆ తర్వాత ఆమె అవసరమే రాలేదు. పసుపు గీతల వల్ల వినపడేవాళ్లకూ మేలు జరిగింది. అంతకుముందు అందరూ ఫోర్క్‌లిఫ్ట్ దారికి అడ్డంగానే నడిచేవాళ్లు.

ఈ మొత్తంలో ఖరీదైనది దీపమూ కాదు, రంగూ కాదు. ఆ అమ్మాయి సమయం. ఆ డబ్బు కంపెనీ ఇవ్వలేదు, ప్రభుత్వ పథకంలో దానికి చోటు లేదు, దాతల దగ్గర అడిగి తెచ్చాం. దాత దొరకని చోట ఆ కుర్రాళ్లు రెండో వారంలోనే ఇంటికి వచ్చేస్తారు. ఆ తర్వాత ఆ కంపెనీ "మేం ఒకసారి ప్రయత్నించాం, కుదరలేదు" అని ఏళ్ల తరబడి చెప్తూ ఉంటుంది.

2016 చట్టం ఇలాంటి వాటిని తగిన సర్దుబాట్లు అంటుంది. మరీ మోయలేని భారం పడనంతవరకు ఆ మార్పులు చేయాల్సిందే. పరీక్షలో అభ్యర్థి చెప్తుంటే రాసిపెట్టే స్క్రైబ్ దగ్గర నుంచి వీల్‌చైర్‌కు సరిపడే బల్ల దాకా అన్నీ ఇందులోకే వస్తాయి. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, వైకల్యం 40 శాతం లేకపోయినా రాయలేని ఇబ్బంది ఉన్న అభ్యర్థికి స్క్రైబ్ ఇవ్వాల్సిందేనని చెప్పింది. ప్రభుత్వ ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తీసేయకూడదు, అదే జీతంతో మరో పోస్టులోకి మార్చాలి అని 20వ సెక్షన్ చెప్తోంది. మన దగ్గరి ఉదాహరణే ఉంది. తెలంగాణ ఆర్టీసీలో వర్ణాంధత్వం ఉందని ఒక డ్రైవర్‌ను మెడికల్ గ్రౌండ్స్ మీద ఇంటికి పంపేస్తే, 2025 ఆగస్టు 1న సుప్రీంకోర్టు అతన్ని అదే జీతంతో తగిన వేరే పోస్టులోకి తీసుకోమంది. కలర్ బ్లైండ్ డ్రైవర్లకు వేరే పని చూపించాలని 1979లోనే కార్మికులతో చేసుకున్న ఒప్పందంలో ఉన్న విషయాన్ని కోర్టు గుర్తుచేసింది. హక్కు అంత పాతది. దాన్ని అమలు చేయించుకోవడానికి మాత్రం ఒక డ్రైవర్ ఢిల్లీ దాకా వెళ్లాల్సి వచ్చింది.

అందుకే రాష్ట్ర ప్రభుత్వాన్ని నేను మొదట అడిగేది సర్దుబాట్ల నిధి. ఇందుకు దారి కూడా చట్టంలోనే ఉంది: ప్రతి రాష్ట్రం దివ్యాంగుల కోసం ఒక రాష్ట్ర నిధి ఏర్పాటు చేయాలని 88వ సెక్షన్ చెప్తుంది. అందులో ఒక భాగాన్ని ఉద్యోగ స్థలంలో చేసే మార్పులకు, సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటర్‌కు, స్క్రీన్ రీడర్‌కు, ఉద్యోగంలో తోడుండే జాబ్ కోచ్‌కు కేటాయించాలి. దరఖాస్తు చేసుకునేది కంపెనీ కాకుండా ఉద్యోగి అయితే ఇంకా మంచిది. అప్పుడు మనిషి ఉద్యోగం మారినా సాయం అతని వెంటే వెళ్తుంది. బ్రిటన్‌లో యాక్సెస్ టు వర్క్ అనే పథకం ఇలాగే నడుస్తోంది. జర్మనీ ఇంకో దారి పట్టింది. 20 లేదా అంతకంటే ఎక్కువ కొలువులున్న ప్రతి యజమానీ 5 శాతం దివ్యాంగులకు ఇవ్వాలి, ఇవ్వకపోతే నెలల లెక్కన రుసుము కట్టాలి. ఆ సొమ్ము దివ్యాంగుల ఉపాధికే ఖర్చవుతుంది. రాష్ట్ర స్థాయిలో రుసుము వేయడం చట్టపరంగా చిక్కే కాబట్టి నేను మొదటి దారికే ఓటు వేస్తాను.

జాబ్ కోచ్ సంగతి కొంచెం విడిగా చెప్పాలి. మేధో వైకల్యం, ఆటిజం ఉన్నవాళ్లకు ఇది లేకపోతే ఉద్యోగమే లేదు. సికింద్రాబాద్‌లోని జాతీయ మేధో దివ్యాంగుల సాధికారత సంస్థ 1984 నుంచీ ఉంది. దేశం మొత్తానికి స్పెషల్ ఎడ్యుకేటర్లను తయారు చేసే సంస్థ మన ఊళ్లోనే ఉంది. అయినా ఆ నాలుగో శాతం పోస్టులకు మిగతా అందరికీ పెట్టే జనరల్ స్టడీస్ పేపరే వీళ్లకూ పెడతారు. ఫైళ్లను వరుసలో అమర్చే పని ఇచ్చి, రెండు వారాలు చూసి ఎంపిక చేస్తే ఎంతోమంది నెగ్గుకొస్తారు. రాతపరీక్షలో తప్పిపోయి "అర్హులు దొరకలేదు" అని ఫైలు మూసేయడం నాకు చాలా బాధ కలిగించే విషయం.

పింఛను గురించి మాట్లాడకుండా ఈ సమాధానం పూర్తి కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి దివ్యాంగుల పింఛను 6,000. తెలంగాణలో 2023 నుంచి 4,016. ఇది హక్కు, తగ్గించమని నేను ఎప్పుడూ అనను. కానీ ఇంట్లో జరిగే లెక్క చూడండి. ఊరి కుర్రాడికి సిటీలో 12,000 జీతం వచ్చిందనుకుందాం. హాస్టల్, తిండి, షిఫ్ట్ బస్సు దాకా ఆటో పోగా చేతిలో మిగిలేది పింఛనుకు దగ్గర్లోనే ఉంటుంది. "ఉద్యోగం ఆర్నెల్లకే పోతే? అప్పటికి పింఛను కట్ అయితే మళ్లీ సదరం క్యాంపు చుట్టూ తిరగాలా?" అని తల్లి అడుగుతుంది. ఆమెకు నేను ధైర్యం చెప్పలేను. 2025లో ఆంధ్రలో సర్టిఫికెట్లను మళ్లీ పరిశీలించినప్పుడు ఇళ్లల్లో ఎంత భయం పుట్టిందో చూశాం. ప్రైవేటు ఉద్యోగంలో చేరిన దివ్యాంగుడికి కనీసం మొదటి రెండేళ్లు పింఛను ఆపబోమని, ఉద్యోగం పోతే మళ్లీ పరీక్షలు లేకుండా కొనసాగిస్తామని ఒక్క జీవో ఇస్తే ఇంటి గుమ్మం దాటేవాళ్ల సంఖ్య పెరుగుతుంది.

బస్సు కూడా ఉపాధి విధానంలో భాగమే. 2011 లెక్కల్లో పనిచేస్తున్న దివ్యాంగ పురుషులు 47 శాతం, మహిళలు 23 శాతం. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి మహిళలకు ఆర్టీసీ ప్రయాణం ఉచితం. పోలియో కాలిపర్ వేసుకున్న అమ్మాయికి టికెట్ కంటే బస్సు మొదటి మెట్టే పెద్ద సమస్య. అందుబాటు ప్రమాణాలు తప్పనిసరిగా ఉండాలని 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదిక తయారు చేసింది హైదరాబాద్‌లోని నల్సార్ విశ్వవిద్యాలయమే. కొత్త బస్సులు కొనే టెండర్లలోనైనా తక్కువ ఎత్తు మెట్లు అడగడం మొదలుపెట్టాలి.

"సంకల్పం ఉంటే అన్నీ సాధ్యమే, బొల్లా శ్రీకాంత్‌ను చూడు" అనేవాళ్లు మీకూ తగిలే ఉంటారు. ఆయన మీద నాకు ఎంతో గౌరవం. కానీ ఆయన కథ సరిగ్గా వినండి. చూపు లేదన్న కారణంతో ఇంటర్‌లో సైన్స్ ఇవ్వకపోతే కోర్టుకెళ్లి సీటు తెచ్చుకున్నారు. తర్వాత ఎంఐటీలో చదివి, హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టి దివ్యాంగులకు ఉపాధి ఇచ్చారు. ఒక నిబంధన పక్కకు తప్పుకుంటే ఎంత సాధ్యమవుతుందో ఆ కథ చెప్తోంది. కోర్టుకెళ్లలేని పిల్లవాడి కోసం ఆ నిబంధనను ముందే తీసేయాల్సింది ప్రభుత్వం. మన రాష్ట్రానికి చేతకానిదేమీ కాదు ఇది. ఉమ్మడి రాష్ట్రంలో గ్రామీణ యువతకు శిక్షణ ఇచ్చి నేరుగా కంపెనీల్లో చేర్పించేందుకు ఈజీఎంఎం అనే ప్రభుత్వ మిషన్ నడిచింది. దానికి నాయకత్వం వహించిన మీరా షెనాయ్ తర్వాత హైదరాబాద్‌లో యూత్ ఫర్ జాబ్స్ సంస్థ పెట్టి అదే పద్ధతిని దివ్యాంగ యువతకు అన్వయించారు. ముందు కంపెనీకి ఏం కావాలో కనుక్కో, దానికి తగ్గట్టు నేర్పించు, చేరాక వదిలిపెట్టకు. పద్ధతి తెలిసిందే. జిల్లాకో బృందం పెట్టి జీతాలిస్తే చాలు.

ఇక మీ అన్నయ్య విషయంలో ఇప్పుడే చేయదగినవి. సదరం సర్టిఫికెట్ తాత్కాలికమా, శాశ్వతమా చూడండి. గడువు దగ్గరపడితే ఇప్పుడే స్లాట్ బుక్ చేయండి, యూడీఐడీ కార్డు (దేశమంతా చెల్లే దివ్యాంగుల గుర్తింపు కార్డు) లేకపోతే దానికీ దరఖాస్తు పెట్టండి. సర్టిఫికెట్ వెరిఫికేషన్ రోజున గడువు దాటిందని ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. హైదరాబాద్‌లో దివ్యాంగుల కోసం ప్రత్యేకంగా ఉన్న నేషనల్ కెరీర్ సర్వీస్ సెంటర్‌లో పేరు నమోదు చేయించండి. బ్యాక్‌లాగ్ నోటిఫికేషన్లు చాలావరకు జిల్లా స్థాయిలోనే పడతాయి, పెద్ద వార్త కావు. కాబట్టి మీ జిల్లా సంక్షేమ శాఖ ఆఫీసుకు నెలకోసారి ఫోన్ చేయడం అలవాటు చేసుకోండి. రెండు రాష్ట్రాల సర్వీస్ కమిషన్ నోటిఫికేషన్లలోనూ దివ్యాంగులకు వయసులో 10 ఏళ్ల సడలింపు ఉంటుంది, వయసు దాటిందని ముందే వదిలేసుకోవద్దు.

ఫిట్టర్ కాబట్టి అప్రెంటిస్‌షిప్ మీద గట్టిగా దృష్టి పెట్టండి. ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు ఒక పేజీ కాగితం తీసుకెళ్లండి. అందులో తను ఏ యంత్రాల మీద పనిచేశాడో, తనతో ఎలా మాట్లాడాలో (వాట్సాప్‌లో రాసి చూపిస్తే చాలు అని), ఏ మార్పు కావాలో (హారన్‌కు బదులు లైటు) రాసి ఉండాలి. ఫోన్‌లో తను పని చేస్తున్న రెండు నిమిషాల వీడియో ఉంటే ఇంకా మంచిది. ఇంటర్వ్యూ చేసేవాళ్లు మీ వైపు తిరిగి "ఇతను చేయగలడా?" అంటే, మీరు జవాబు చెప్పకుండా ఆ ప్రశ్నను తనకే చూపించమనండి.

20 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ఏ ప్రైవేటు సంస్థైనా సమాన అవకాశాల విధానం రాసి పెట్టుకోవాలి, దివ్యాంగుల నియామకాలు చూసే లైజన్ ఆఫీసర్‌ను నియమించాలి. 2017 కేంద్ర నిబంధనల్లో ఉన్న మాట ఇది. మర్యాదగా ఆ అధికారి పేరు అడగండి. ప్రభుత్వ శాఖ అయితే పది రూపాయల ఆర్టీఐ దరఖాస్తుతో క్యాడర్ సంఖ్య, దివ్యాంగుల రోస్టర్ రిజిస్టర్ (ఏ పోస్టు ఏ వర్గానికి వస్తుందో రాసే పుస్తకం) నకలు, 2017 ఏప్రిల్ నుంచి వర్గాలవారీగా మిగిలిపోయిన ఖాళీలు ఇవ్వమని అడగండి. ఆ కాగితం చేతికొచ్చాక, అందులో వినికిడి వర్గం పోస్టు ఖాళీగా కనబడితే, రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు పంపండి. లాయర్ అక్కర్లేదు. విచారణలో సాక్షులను పిలిపించడానికి, రికార్డులు తెప్పించడానికి కమిషనర్‌కు సివిల్ కోర్టు అధికారాలుంటాయి. ఫిర్యాదు కాగితం ఎలా రాయాలో సందేహం ఉంటే శాఖ పేరు, పోస్టు పేరు ఇక్కడ పెట్టండి, రాసి ఇస్తాను.